గడ్డందించు గారి తాకట్టు ఫోను

దారిన పోయేవాళ్ళెవరైనా ఫొటో తీసుకోబోతుంటే, వాళ్ళ చేతిలోంచి ఫోను అందుకుని తనే తీసిపెట్టకపోతే స్టూడియో ఆయనకు ఆ పూట ముద్ద దిగదు. అడిగితే తీసిపెట్టే మంచివాళ్ళు లోకంలో బోలెడుమంది ఉన్నారు. అడక్కముందే పరుగెత్తుకెళ్ళి తీసేది మాత్రం ఈయనొక్కడే. తీసి ఊరుకుంటే ఫరవాలేదు. నిలబడ్డవాళ్ళను కూర్చోబెట్టి, కూర్చున్నవాళ్ళను లేపి, కాలరు దిద్ది, జుట్టు సర్ది, ఆఖర్న "గడ్డం కాస్త దించండి" అంటాడు. ముప్పై ఏళ్ళుగా ఆ మాట అనీ అనీ ఊళ్ళో ఆయన అసలు పేరు ఎటో పోయింది, గడ్డందించు గారు అన్నదే మిగిలింది. ఇంటికొచ్చే ఉత్తరాల మీద కూడా అదే పేరు. పోస్టుమాను ఏనాడూ తడుముకోలేదు.

ఒకసారి బ్యాంకులో ఎవరో దరఖాస్తు మీద తన ఫొటో అంటించుకుంటుంటే, "ఆగండాగండి, ఇది మీరు కాదు" అని చెయ్యి పట్టుకున్నాడు.

ఆ మనిషి బెదిరిపోయాడు. "నేనేనండీ బాబూ! కావాలంటే మేనేజరు గారిని అడగండి."

"మీరే కావచ్చు. మీ ఎడమ చెవేదీ?"

నిజమే, ఫొటోలో ఎడమ చెవి లేదు. ఆయన్ని స్టూడియోకి లాక్కెళ్ళి, రెండు చెవులతోనూ తీసి పంపించేదాకా ఈయన మనసు మనసులో లేదు.

ఆయన భార్య ఆడపిల్లల బడిలో లెక్కల టీచరమ్మ. మాట్లాడేటప్పుడు చూపుడువేలు పైకెత్తడం ఆవిడ అలవాటు. ఆ వేలు లేస్తే తరగతిలో ఫ్యాను కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిరుగుతుందని పిల్లలు చెప్పుకుంటారు.

ఇంతమంది మొహాలు దిద్దిన మనిషి ఇంట్లో, మొగుడూ పెళ్ళాం కలిసి ఉన్న ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు. పెళ్ళినాటి ఫొటో ఉందిగానీ, అందులో పెళ్ళికూతురు కళ్ళు మూసుకుని ఉంది. పెళ్ళికొడుకుది మోచెయ్యి ఒక్కటే ఉంది. వెలుతురు బాగాలేదని సరిగ్గా ఆ క్షణాన లైటు జరపడానికి లేచాడు మరి. కాపురం కొత్తల్లో ఆవిణ్ణి కూర్చోబెట్టి ఓ ఇరవైసార్లు ప్రయత్నించాడు. కెమెరా తనవైపు తిరిగిందంటే టీచరమ్మ మెడ బిగుసుకుపోయేది, పెదాలు అతుక్కుపోయేవి, సరిగ్గా మీట నొక్కే వేళకు కళ్ళు మూతపడేవి. ఇరవయ్యో ఫొటో చూసుకుని, "నా మొహమే ఇంత. ఇంక నన్ను తియ్యకండి" అని చింపేసింది. ఆయన మళ్ళీ తియ్యలేదు.

తియ్యొద్దన్నది తనే. అయినా, అన్నంత మాత్రాన నిజంగానే మానెయ్యాలా అని ఆవిడకు లోపలెక్కడో ఓ ముల్లు ఉండిపోయింది. ఊళ్ళో అందరి మొహాలూ పనికొచ్చాయి, నా మొహమే పనికిరాలేదన్నమాట అనుకునేది. పైకి అనలేదు. లెక్కల టీచరు కదా, మనసులోనే వేసుకుంది.

అలాంటి టీచరమ్మ, పెళ్ళయి ముప్పై ఏళ్ళు నిండిన సందర్భంగా, అద్దాల మేడలున్న ఓ పెద్ద నగరం చూసొద్దామని నాలుగు రోజులకు ప్రయాణం కట్టింది. బయల్దేరేముందు చెల్లెలు వచ్చి ఓ ఖాళీ ఫ్రేము చేతిలో పెట్టింది.

"అక్కా, మీరిద్దరూ కలిసున్న ఫొటో ఇందులో పెట్టుకుని రా. ఖాళీగా తెచ్చావో, బావగారి మోచెయ్యి కత్తిరించి ఇందులో నేనే పెడతాను."

టీచరమ్మ ఫ్రేమును చీరల మధ్య భద్రంగా పెట్టింది. తర్వాత వేలు పైకెత్తి భర్తకు షరతు పెట్టింది. "కెమెరా తేకూడదు. అది చేతిలో ఉంటే పక్కన పెళ్ళాం ఉందో స్తంభం ఉందో మీకు తెలియదు."

ఆయన బుద్ధిగా కెమెరా బీరువాలో పెట్టి తాళం వేశాడు. చేతులు మాత్రం వెంట తెచ్చుకున్నాడు.

విమానం దిగగానే మొదలైంది. పాస్‌పోర్టులు చూసే ఆఫీసరు, కెమెరా వైపు చూడమని సైగ చేశాడు. ఈయన ముందునుంచి చూశాడు, పక్కనుంచి చూశాడు, కౌంటరు మీదకు వంగి వెనకనుంచి కూడా చూశాడు. "మరీ కిందకుంది బాబూ. ఇలా తీస్తే అందరికీ ముక్కు రంధ్రాలే వస్తాయి" అన్నాడు తెలుగులో. ఆ ఆఫీసరుకు తెలుగు ఎక్కడొస్తుంది? అయినా ఎందుకో కెమెరాను నాలుగంగుళాలు పైకి జరిపాడు. వెనక లైనులో ఉన్న రెండు వందల మంది మొహాలు ఆ పూట చక్కగా వచ్చి ఉండాలి.

టీచరమ్మ నాలుగు రోజులకూ టైంటేబులు వేసుకొచ్చింది. మొదటి పీరియడ్ నది మీద వంతెన, రెండో పీరియడ్ పూలతోట, భోజనాల గంట, తర్వాత గాజు గోపురం. మొదటి పీరియడే మూడు పీరియడ్లు తినేసింది.

వంతెన మీద ఓ కుటుంబం ఫొటో దిగుతోంది. ఓ ముసలమ్మ, ఆవిడ కొడుకూ కోడలూ, నలుగురు పిల్లలు. అందరూ సబ్బుపెట్టెలు పేర్చినట్టు ఒకే వరసలో నిలబడ్డారు. కొడుకు మాత్రం ఫోను పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.

"అయ్యయ్యో, తీసేవాడు ఫొటోలో లేకపోతే ఎలా?" అంటూ ఈయన పరుగు తీశాడు.

"ఏమండీ! మనకు ఎనిమిదిన్నరకు తోట!"

వినిపిస్తే కదా. ముందు తన ఫోను ఆ కోడలి చేతిలో పెట్టి, వేళ్ళతో ఏదో సైగ చేసి, కొడుకు చేతిలోని ఫోను తను తీసుకున్నాడు.

"ఇదేమిటి, మన ఫోను ఆవిడకిచ్చారు?" అంది టీచరమ్మ.

"తాకట్టు. పరాయి దేశంలో ముక్కూమొహం తెలియనివాడు ఫోను లాక్కుంటే భయపడరూ? మనది వాళ్ళ చేతిలో ఉంటే ధైర్యంగా ఉంటారు."

ముసలమ్మను బల్ల మీద మధ్యలో కూర్చోబెట్టాడు. పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టాడు. ఆ పక్కనే బారెడు పొడుగు మనిషి ఒకాయన అడ్డంగా ఉంటే, భుజాలు నొక్కి ముందువరసలో గొంతుక్కూర్చోబెట్టాడు. ఆయన కిక్కురుమనకుండా కూర్చున్నాడు. "గడ్డం కాస్త దించండి" అని చేత్తో చూపించాడు. ఎనిమిది గడ్డాలు దిగాయి.

తీశాక ఫోను వెంటనే తిరిగివ్వడు, అదొకటి. దాన్ని పట్టుకుని టీచరమ్మ పక్కకొచ్చి నిలబడి, "చూశావా, ఎంత బాగా వచ్చిందో!" అని చూపిస్తాడు. ఆవిడకు సరిగ్గా అక్కడే మండుతుంది.

"ఎవరి కుటుంబమో నాకు చూపిస్తారేమిటండీ? ఎనిమిదిన్నర దాటింది! ఆ పొడుగాయన వీళ్ళ మనిషి కాదు, దారిన పోతూ నది చూస్తున్నాడు, నేను చూశాను. ఆయన్నెందుకు కూర్చోబెట్టారు?"

"అలాగా! మరి చెప్పొచ్చుగా ఆయన."

"ఏ భాషలో చెప్తాడు?" ఆవిడ వేలు పైకి లేచింది. ఆయన తల కిందికి వాలింది. కోడలు ఫోను పట్టుకుని కిసుక్కున నవ్వింది. పరాయి ఊళ్ళో నవ్వులపాలయ్యాం అనుకుని టీచరమ్మ మరో రెండు నిమిషాలు ఎక్కువ తిట్టింది. తాకట్టు విడిపించుకుని వెళ్ళిపోతూ వెనక్కి చూస్తే, పొడుగాయన ఇంకా గొంతుక్కూర్చునే ఉన్నాడు, ఎవరైనా లేవమంటారేమోనని.

ఆ సాయంత్రం చెల్లెలు ఫోను చేసింది. అక్కడ పలికే సిమ్ము ఒక్కటే ఉంది, అది ఆయన ఫోనులో ఉంది. టీచరమ్మ తన ఫోను హోటలు గదిలోనే పడేసింది.

"ఫ్రేము నిండిందా అక్కా?"

"నిండింది. ఏడుగురున్న కుటుంబంతో, ఎనిమిదో ఆయనతో."

మాట్లాడినంతసేపూ ఆయన పక్కనే నిలబడి, పెట్టెయ్యగానే ఫోను తీసుకుని జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఫోను మీదున్న ప్రేమలో పావలా వంతు నా మీద లేదు అనుకుంది ఆవిడ.

రెండో రోజు పూలతోటలో ఓ కొత్త జంట కనబడింది. ఇద్దరి మధ్య ఓ మూర ఖాళీ ఉంది. పిల్ల మొహం అటు, పిల్లాడి మొహం ఇటు. పొద్దున్నే ఏదో గొడవ పడ్డట్టున్నారు. పిల్లాడు మొక్కుబడిగా చెయ్యి చాచి తీసుకుంటున్నాడు.

"ఏమండీ, వాళ్ళ జోలికి వెళ్ళకండి. మనకెందుకు?"

అప్పటికే తాకట్టు పిల్ల చేతిలో ఉంది. ఆయన వాళ్ళిద్దరి మధ్య ఉన్న ఖాళీ దగ్గర నిలబడి, చేతులతో దాన్ని కొలిచి చూపించి, నెమ్మదిగా తెలుగులోనే చెప్పాడు. "చూడు బాబూ, పదేళ్ళ తర్వాత ఈ ఫొటోలో మీ గొడవ కనబడదు. ఈ మూరెడు ఖాళీయే కనబడుతుంది. జరుగు."

ఏం అర్థమైందో, పిల్లాడు జరిగాడు. పిల్ల ఓ క్షణం బిగుసుకుని, తర్వాత ఫక్కున నవ్వింది. ఆ నవ్వు తీశాడు. తీసి మళ్ళీ టీచరమ్మ దగ్గరకే తెచ్చాడు.

"బాగా వచ్చింది కదూ?"

నిజంగానే చాలా బాగా వచ్చింది. అందుకే ఆవిడకు ఇంకా మండింది. "లోకంలో జంటలందరినీ దగ్గరికి జరుపుతారు. ముప్పై ఏళ్ళుగా మీ పక్కనున్నదాన్ని మీరెప్పుడైనా..." అని వేలెత్తి, మాట మింగేసి, దాని బదులు గంటన్నర ఆలస్యం గురించి తిట్టింది.

మూడో రోజంతా ఇదే వరస. ఫౌంటెను దగ్గర స్నేహితులు ఐదుగురు, రైలు స్టేషను మెట్ల మీద తండ్రీ కూతుళ్ళు, రోడ్డు ఊడ్చే ఇద్దరు ఆడవాళ్ళు, చివరికి ట్రాఫిక్కు పోలీసు. ఆయన టోపీ సర్దుతుంటే నాలుగు వైపులా కార్లు ఆగిపోయాయి. తిట్టీ తిట్టీ టీచరమ్మ గొంతు బొంగురుపోయింది. ఆయన మాత్రం పొద్దుణ్ణుంచీ పండగలా ఉన్నాడు.

"మీకు సిగ్గనిపించదా?"

"నువ్వు తిట్టు. బాగుంది."

"బాగుండటమేమిటి!"

నాలుగో రోజు పొద్దున మ్యూజియంలో ఫొటోలు తియ్యకూడదన్నారు. గుమ్మంలో గార్డు అందరి ఫోన్లూ మోగకుండా నోరు మూయించి మరీ లోపలికి పంపాడు. బయటికొచ్చాక ఆ గార్డుకే గడ్డం దించమని ఓ ఫొటో తీసిపెట్టాడు ఈయన. ఇక మిగిలింది ఒకటే పీరియడ్, గాజు గోపురం. అరవై అంతస్తుల పైన ఊరంతా కనబడే చోటు. రాత్రికి తిరుగు ప్రయాణం.

టీచరమ్మ ఆ రోజు చిలకపచ్చ చీర కట్టుకుంది. ఫ్రేము సంచీలో పెట్టుకుంది. పొద్దున ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు అద్దం ముందు నిలబడి, కళ్ళు మూతపడకుండా ముప్పై లెక్కపెట్టడం సాధన చేసింది. ఇరవై రెండు దాకా వచ్చింది. పైకెళ్ళాక తనే నోరు తెరిచి అడగాలని నిశ్చయించుకుంది. ముప్పై ఏళ్ళలో అడగనిది, ఈ ఒక్కసారి.

గోపురం కింద లిఫ్టు దగ్గర ముగ్గురు ఆడవాళ్ళు, పైకెళ్ళి దిగొచ్చినవాళ్ళు, ఫొటో దిగుతున్నారు. ముగ్గురికీ ఒకే రకం పసుపు టోపీలు. ఏదో ఆఫీసువాళ్ళు సెలవు పెట్టి వచ్చినట్టున్నారు.

"ఈ ఒక్కటీ..." అన్నాడాయన.

"వద్దు."

"ఆవిడ టోపీ నీడ కళ్ళ మీద పడుతోంది. చూస్తూ ఎలా పోను?"

తాకట్టు మారింది, టోపీలు వెనక్కి జరిగాయి, గడ్డాలు దిగాయి, టీచరమ్మ వేలు లేచింది. ఇంతలో లిఫ్టు తలుపులు తెరుచుకుని వెనకనుంచి జనం ఒక్క తోపు తోశారు. ఆయన హడావిడిగా చేతిలో ఉన్న ఫోను జేబులో వేసుకుని లిఫ్టులో పడ్డాడు.

పైన, అద్దాల గోడ అవతల ఊరంతా పరుచుకుని ఉంది. నది సన్నటి దారంలా మెరుస్తోంది. వాళ్ళు నడిచిన వంతెన అగ్గిపుల్లలా ఉంది.

"ఏమండీ."

"ఊఁ."

"ఇక్కడ... మనిద్దరం... ఎవరి చేతైనా ఒక్కటి తీయించుకుందామా? నా మొహం ఎలా వచ్చినా ఫరవాలేదు."

ఆయన ఆవిడవైపు ఓ వింత చూపు చూశాడు. "దానికేం, తీయించుకుందాం" అని జేబులోంచి ఫోను తీశాడు. దాని తెర మీద ఓ బూడిదరంగు పిల్లి కూర్చుని ఉంది.

"ఈ పిల్లి ఎవరిదే?"

"మన ఫోనులో పిల్లి లేదు కదా?"

ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. తాకట్టు విడిపించుకోకుండానే వచ్చేశాడు. పసుపు టోపీ ఆవిడ ఫోను తన దగ్గర, తన ఫోను పసుపు టోపీ దగ్గర. ఆయన పక్కనున్న బల్ల మీద కూలబడిపోయాడు.

"పోతే పోయింది లెండి. పాత ఫోనేగా. మీరెప్పుడూ దానికి లాకైనా పెట్టరు."

"ఫోను కాదే..."

"మరేమిటి?"

స్టూడియో పైకప్పు కారి కెమెరాలు రెండు తడిసిన రోజున కూడా చలించని మనిషి అలా చేతులు ముడుచుకుని కూర్చుంటే, టీచరమ్మకు కోపం ఎటుపోయిందో తెలియలేదు. అక్కడ పనిచేసే అమ్మాయికి సైగలతో చెప్పి ఆయన నంబరుకు చేయించింది. మోగుతోందట, ఎవరూ ఎత్తడం లేదట. ఎలా ఎత్తుతారు, మ్యూజియం గార్డు దాని నోరు మూయించాడు, ఈయన మళ్ళీ తెరిపిస్తేనా?

"లేవండి. వాళ్ళకు తెలిశాక ఎక్కడికొస్తారు? చివరిసారి మనల్ని చూసిన చోటికే. కింద లిఫ్టు దగ్గరికి."

"నువ్వు ఉండు. ఇంకా అటువైపు చూడనేలేదు. నేను దిగి..."

"ఇద్దరం వచ్చాం, ఇద్దరం దిగుదాం. ఊరెక్కడికీ పోదు."

అరవై అంతస్తులు ఎక్కినంత వేగంగానే దిగారు. కింద పసుపు టోపీలు లేవు. పది నిమిషాలైంది, ఇరవై అయింది. ఆయన ఒకటే అటూ ఇటూ తిరుగుతున్నాడు.

ఆయన్ని ఊరడించడం టీచరమ్మకు చేతకాదు. చేతనైనది ఒకటే ఉంది, అదే చేసింది. వేలు పైకెత్తింది. "తాకట్టు తాకట్టని ఒకటే గోల! నాలుగు రోజులు ఊరందరికీ తీసిపెట్టారు, ఇప్పుడు చూడండి! నిలబడండి ఒకచోట! నా కళ్ళు తిరుగుతున్నాయి!"

హాలు అవతలి చివర్నుంచి ఓ కేక వినిపించింది. పసుపు టోపీ! ఆవిడ వేలెత్తి టీచరమ్మను స్నేహితురాళ్ళకు చూపిస్తూ, తనూ నడుం మీద చెయ్యి పెట్టి, వేలు గాల్లో ఆడిస్తూ, అచ్చం టీచరమ్మలాగే నటిస్తూ పరుగున వస్తోంది. ముగ్గురూ ఒకటే నవ్వు. పిల్లి ఫోను అందుకుని, ఈయన ఫోను తెరిచి, ఈయనకివ్వకుండా నేరుగా టీచరమ్మ చేతిలో పెట్టింది.

ఆవిడ చూసింది.

వంతెన మీద తను, వేలు పైకి. పక్కన ఆయన, తల కిందికి. తోటలో తను, వేలు పైకి. ఫౌంటెను దగ్గర తను, రెండు చేతులూ పైకి. స్టేషను మెట్ల మీద, ట్రాఫిక్కు మధ్యలో, మ్యూజియం గుమ్మంలో... ప్రతి ఫొటోలోనూ ఇద్దరూ ఉన్నారు. లెక్కపెట్టింది. నలభై ఏడు. నలభై ఏడింటిలోనూ తన కళ్ళు తెరిచే ఉన్నాయి. ఇంతింత కళ్ళు! ఆ మొహంలో ఎంత కళ, ఎంత ప్రాణం! అన్నిటిలోనూ ఆయన నేరం చేసినవాడిలా తలవంచుకుని, కనుకొలకుల్లోంచి ఆవిడనే చూస్తూ, మీసం చాటున నవ్వుతున్నాడు.

తాకట్టు ఎందుకో అప్పుడు తెలిసింది. చేతిలో ఫోను పెట్టి వేళ్ళతో ఆయన చేసే సైగలూ, తీసిన ఫొటో తెచ్చి తనకే చూపించి మండించడమూ, అవతలివాళ్ళ నవ్వులూ, అన్నీ తెలిశాయి.

"నాలుగు రోజులూ... కావాలని తిట్టించుకున్నారా?"

"మరేం చెయ్యను టీచరుగారూ? ఇరవైసార్లు నవ్వమన్నాను, నువ్వు బిగుసుకుపోయావు. తిట్టమంటే తిడతావా? తిట్టేలా చేసుకోవాలి. నేను తీస్తే నేనుండను కదా. అందుకే చిన్న మార్పిడి బేరం, నేను వాళ్ళను తీస్తాను, వాళ్ళు మనల్ని తీస్తారు."

"మరి మన ఊళ్ళో చేసేదంతా?"

"అది జబ్బే" అని ఒప్పుకున్నాడు. "ఆ జబ్బును ఇక్కడ పనిలో పెట్టుకున్నాను."

టీచరమ్మ వేలు పైకి లేచింది. ఆ వేలే ఆయన కాలరు దిద్ది కిందికి దిగింది.

అంతా చూస్తున్న పసుపు టోపీ ఆవిడ, ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, తనూ ఒకటి తీస్తానంది. టీచరమ్మ నిలబడింది, మెడ బిగించింది, ముప్పై లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నాలుగు దగ్గర కళ్ళు మూతపడ్డాయి.

ఇప్పుడా ఫ్రేము వాళ్ళింటి ముందుగదిలో ఉంది. నలభై ఏడింటిలోంచీ ఏరి ఏరి వంతెన మీదదే పెట్టింది టీచరమ్మ. అందులో వెలుతురు బాగుందని ఆయన మాట, అందులో తనకు కోపం బాగుందని ఆవిడ మాట. ఒక్కటే చిక్కు. ఇద్దరికీ పక్కన, ఓ మూలగా, బారెడు పొడుగు మనిషి ఒకాయన బుద్ధిగా గడ్డం దించుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు.

ఇంటికొచ్చినవాళ్ళు తప్పకుండా అడుగుతారు. "ఆ కూర్చున్నాయన ఎవరండీ?"

టీచరమ్మ తడుముకోకుండా చెబుతుంది. "మావారి తరఫు చుట్టం."